ఉస్తాద్ గాజుముక్కతో బోధన్ నుంచి నిజామాబాద్‌కు

1956లో, నాకు పన్నెండేళ్లప్పుడు, మా మేనమామ దానియేలు ఆఫ్రికా నుంచి తిరిగి వచ్చాడు. ఓడ చీటీలు అంటించిన రేకుపెట్టె మీద నన్ను కూర్చోబెట్టి, "మల్ల పోయినప్పుడు నిన్ను తోల్కపోతరా అల్లుడా, యేసు సాక్షి" అన్నాడు. ఏడేళ్ల తర్వాత మళ్లీ పోయాడు. వెంట తీసుకుపోయింది రాజమల్లును. రాజమల్లు నాకంటే రెండేళ్లు పెద్ద, నాతోపాటే మామ దగ్గర పని నేర్చుకున్నవాడు. వాళ్లిద్దరూ బొంబాయి రైలెక్కిన సంగతి నాకు మర్నాడు చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. యేసు సాక్షిగా చెప్పిన మాటకు ఆ యేసునే అడగాలి కాబోలు, మామ మాత్రం నాకు సంజాయిషీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మా వీధి పిల్లలు ఫోన్లలో ప్రపంచం తిరిగే ఉద్యోగాల జాబితాలు చదువుకుంటున్నారు. విమానాల్లో పనిచేసేవాళ్లు, ఓడల మీద వంటవాళ్లు, నర్సులు, ఫొటోలు తీసేవాళ్లు. జాబితాలు రాసేవాళ్లకు చదువు తక్కువ, ధైర్యం ఎక్కువ. ఒక్కదాంట్లోనూ చక్కెర వండేవాడు లేడు. మా రోజుల్లో బోధన్ చెరకు పొలాల మధ్య పుట్టినవాడు సముద్రం దాటాలంటే ఉన్న దారి అదొక్కటే. ఆఫ్రికా తూర్పు తీరంలో చెరకు ఎస్టేట్లు ఉండేవి. వాటికి పాన్‌మన్‌లు కావాలి. వెతుక్కుంటూ ఏజెంట్లు మా దాకా వచ్చేవాళ్లు. ఆ ఉద్యోగం కోసం నేను చేసిన ప్రయాణం మొత్తం పదహారు మైళ్లు. ఇలాంటి ఉద్యోగాల కోసం బయల్దేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పాన్‌మన్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. చెరకు రసం చిక్కబడ్డాక దాన్ని పాన్ అనే పెద్ద మూసిన పాత్రలో, గాలి తీసేసి, ఉడికిస్తారు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. పక్కనున్న సన్నని కడ్డీ లాగితే దాని కొసన ఒక చుక్క వస్తుంది. ఆ చుక్కను వేలెడంత గాజుముక్క మీద రాసి దీపానికి అడ్డంపెట్టి చూస్తాడు, బొటనవేలితో రుద్దుతాడు. చక్కెర పలుకు కట్టిందా లేదా, ఎంత లావు కట్టింది అన్నది ఆ క్షణంలో చెప్పాలి. తప్పితే పాన్ పాన్ అంతా పాకం ముద్ద. పని నేర్పే ప్రతి ఉస్తాద్‌కూ తనదైన గాజుముక్క ఉండేది. అంచులు తానే రాతిమీద నూరుకుని, మూలన తన గుర్తు కొట్టుకునేవాడు. మామ గాజుకు ఒక మూల రెండు గాట్లు. ఉస్తాద్ పని మానే రోజున ఆ గాజును శిష్యుడి చేతిలో పెడతాడు. ఆ తర్వాత ఆయన పాన్ దగ్గర నిలబడడు. ఏజెంట్లంతా పాత పాన్‌మన్‌లే కనుక ఏ సర్టిఫికెట్ చూపించినా పక్కన పెట్టి, "గాజు ఏది?" అనే అడిగేవాళ్లు.

1970 జనవరి. గానుగ సీజను ముమ్మరంగా ఉంది. ఒక బుధవారం షిఫ్టు మారే వేళ రాజమల్లు నన్ను పక్కకు పిలిచాడు. మామా అతనూ తిరిగొచ్చి మళ్లీ మా ఫ్యాక్టరీలోనే చేరి అప్పటికి కొన్నేళ్లయింది, ఓడలో వాంతులతో వేగినవాడు గనుక అతను ఓడ పేరెత్తితేనే కడుపు పట్టుకునే మనిషి. మళ్లీ పోయే ఆశ లేదు గనుక అబద్ధమాడే అవసరమూ లేదు.

"ఏజెంటు కరీం సాబ్ నిజామాబాద్‌ల దిగిండు. టేషన్ కాడ లాడ్జిల ఉన్నడు. నిన్న కలిసొచ్చిన. చేతిల కాగితం ఉండె. మీద మీ మామ పేరున్నది."

"కింద ఎవరిది?"

"కింద మడత ఉండె. నాకేం ఎరుక? మీ మామ నీకు చెప్పలేదా?" అని నవ్వాడు. "చెప్పడు లే. నాకైతే రైలెక్కే ముంగట చెప్పిండు."

మళ్లీ పోతున్నాడు. మళ్లీ నాకు చెప్పలేదు. ఆ సాయంత్రం మామ ఇంటికి పోయాను. ఆయన పెరట్లో నీళ్లు పోసుకుంటూ గొంతెత్తి కీర్తన పాడుతున్నాడు. చొక్కా మేకుకు వేలాడుతోంది. జేబులో మెత్తటి గుడ్డలో చుట్టిన గాజు ఉంది. గురువారం ఆయనకు వారపు సెలవు, శుక్రవారం పొద్దుటి షిఫ్టు. గురువారం సాయంత్రంలోగా తిరిగి పెట్టేస్తే చాలు. కీర్తన రెండో చరణం పూర్తికాకముందే గాజుతో నేను వీధిలో ఉన్నాను. నా ఉద్దేశం దాచను. ఉస్తాద్ గాజు ఇచ్చి పని మానాడని చెబితే ఏజెంటు మామ పేరు కొట్టేసి నన్ను పంపుతాడు. సంగతి మామకు తెలిసేసరికి నేను ఓడ మీద ఉంటాను. ఆయన నన్ను వదిలి పోయినట్టే నేనూ ఆయన్ను వదిలి పోతాను.

మా అవ్వ, అంటే మా అమ్మ, మామకు చెల్లెలు. గురువారం చీకటి విడవకముందే లేచి జొన్నరొట్టెలు చేసి, పచ్చికారం పెట్టి మూట కట్టింది. కళ్లద్దాలకు పోతున్నానని ఆమెకు చెప్పాను, జ్వరమని షిఫ్టులో చెప్పించాను.

"కండ్లద్దాలకు గింత పొద్దుగాల్నా?" అంది.

"దుకాణంల రష్ ఉంటదే అవ్వా."

మూట నా చేతికిచ్చి, వెంటనే వదలకుండా పట్టుకుంది. "నిజామాబాద్ దాకనే కదా?"

"ఇంకేడికి పోత?"

ఆరున్నర బస్సు. టికెట్టు రూపాయి పది పైసలని గుర్తు. రైలు ఇంకా చవక, కానీ జానకంపేటలో ఎంతసేపు ఆగుతుందో దానికే తెలియదు. గాజు నా ఎడమ జేబులో, చొక్కా లోపలి వైపు ఉంది. కుడిచేత్తో దాన్ని అదిమిపట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు ఎగిరినప్పుడల్లా గుడ్డ మీదుగానే అంచులు తడిమి చూసుకునేవాణ్ణి. గాజు పగిలితే ఆఫ్రికా పోవడమే కాదు, శుక్రవారం పొద్దున మామ జేబులో చెయ్యి పెట్టినప్పుడు నేనెక్కడ దాక్కోవాలో కూడా తెలియదు. ఊరు దాటగానే చెరకు బండ్లు అడ్డం వచ్చాయి. ఫ్యాక్టరీ వైపు వచ్చే బండ్లు మైలు పొడుగునా రోడ్డు మీదే నిలిచిపోయాయి. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఒక బండి మనిషి ఎద్దుల మధ్య నుంచి తలెత్తి, "ఎందుకన్నా గంత ఒర్లుడు? నా ఎడ్లు నీ బస్సుకంటె ముందు పుట్టినయి, అవ్వే ముందు పోతయి" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను వాచీ లేని మణికట్టు చూసుకున్నాను.

ఎడపల్లిలో ఒకామె చంకలో బిడ్డతో, నెత్తిన ఇత్తడి బిందెతో ఎక్కింది. బిందె అంచు సరిగ్గా నా రొమ్ముకు ఆనింది. చటుక్కున లేచి ఆమెకు సీటిచ్చి, చెయ్యి జేబు మీదే ఉంచుకుని నిలబడ్డాను.

కండక్టర్ చూశాడు. "ఏందన్నా, గుండెల నొప్పా? చెయ్యి తీస్తలెవ్వు."

"ఏం లేదు."

"నువ్వు దానియేలు ఉస్తాద్ అల్లునివి గదా? ముక్కు సూస్తెనే తెలుస్తది." అతను టికెట్లు చింపుతూనే, "ఉస్తాద్ ఐతారం పొద్దుగాల బస్సుకు రెండు సీట్లు ఆపమన్నడు. ఆయన జర ఆలస్యమైనా తువ్వాల ఏసి పెడతనని చెప్పు" అన్నాడు.

ఆదివారానికి రెండు సీట్లు. మడత కింద ఒక పేరుందన్నమాట. ఎవరిది? రాజమల్లు కాదు. షిఫ్టులో ఉన్న ఒక్కొక్క ముఖాన్నీ తలుచుకున్నాను. ప్రతి ముఖమూ నన్ను చూసి నవ్వుతున్నట్టే కనబడింది. నా ముఖాన్ని మాత్రం తలుచుకోలేదు. ఈ కండక్టర్ తిరుగు బస్సులో మామకు నా సంగతి చెబుతాడన్న భయం ఒకటి దానికి తోడైంది. జానకంపేట రైలు గేటు దగ్గర ఇంకో పావుగంట ఆగాము. నిజామాబాద్ చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. గంటంపావు ప్రయాణానికి రెండు గంటలు దాటింది. సీజనులో పోయేవాళ్లు ఇది లెక్కలో ఉంచుకోవాలి.

బస్టాండు నుంచి స్టేషన్ దాకా సైకిల్ రిక్షా అర్ధరూపాయి. లాడ్జి ఎదురుగా ఒక ఇరానీ హోటలు ఉండేది, చాయ్ పదిహేను పైసలు. అంత పొద్దున పోతే తొందర కనబడుతుందని అక్కడ కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర బేరగాళ్లు మరాఠీలో పసుపు ధర మీద అరుచుకుంటున్నారు. రొట్టె మూట విప్పాను గాని ఒక్క తునకా మింగుడుపడలేదు. పొయ్యి దగ్గరి వంటాయన గరిటె పట్టుకునే వచ్చి మూట వైపు చూశాడు.

"మా హోటల్ల కూసొని ఇంటి రొట్టె తింటవా? తిను, తిను. అరె, తింటనే లేవు. ఏడికొచ్చినవు?"

"ఉద్యోగం కోసం. ఎదురుంగ సాబును కలవాలె."

"ఉద్యోగానికా? నీ మొఖం సూస్తె సర్కారు దవఖానకు పోయేటట్టున్నది." ఇంకో అరకప్పు చాయ్ నా ముందు పెట్టి, "ఇది నా దిక్కెల్లి. తాగి పో. గా సాబ్ మనిషే, పులి కాదు" అన్నాడు.

ఆ రోజంతటిలో నాకు ఎవరైనా చేసిన ఉపకారం ఆ అరకప్పు చాయే. పది గంటలకు మెట్లెక్కాను.

కరీం సాబ్‌కు అరవై దాటి ఉంటాయి. మంచం మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. ఆయన కుడి బొటనవేలు చదునుగా, చర్మం గట్టిపడి మెరుస్తోంది. మామదీ అంతే. నా పేరు అడగలేదు. "చెయ్యి ఇయ్యి" అన్నాడు. నా బొటనవేలిని తన వేళ్ల మధ్య పట్టి రుద్ది చూశాడు.

"ఎన్ని సీజన్లు?"

"ఏడు, సాబ్."

"ఉస్తాద్?"

గుడ్డ విప్పి గాజును ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన కిటికీ దగ్గరకు పోయి వెలుతురుకు పట్టాడు, గోటితో మూల తడిమాడు. ఒకటి, రెండు.

"దానియేలుది." నా వైపు తిరిగాడు. "ఇచ్చిండా?"

"ఇచ్చిండు."

"తన చేత్తోని, నీ చేతిల పెట్టిండా?"

"అవును, సాబ్."

ఆయన మంచం మీద కూలబడ్డట్టు కూర్చున్నాడు. "పన్నెండేండ్లు ఒక్కటే పాన్ కాడ నిలబడ్డం. నాకొక మాట చెప్పకుంటనే పని ఇడిసిండా?" తనలో తానే అనుకున్నట్టు అని, తలగడ కింది నుంచి మడిచిన కాగితం తీసి విప్పాడు. జేబు పెన్నుతో మొదటి పేరు మీద గీత గీశాడు. నాకు లోలోపల సంతోషమే కలిగింది, దాచడమెందుకు. పెన్ను కిందికి జరిగి ఇంకో గీత గీసింది. ఆ రెండో పేరు తలకిందులుగా నాకు కనబడింది. నాదే.

"సాబ్, అది..."

"నువ్వేనా ఆ మేనల్లుడివి? మరి మీ మామ రాసింది నీకు ఎరుకే కద. నేను వస్తె వీనితోనే వస్త, ఒక్క సీజన్ వీని పక్కన నిలబడత, ఆ తర్వాత పాన్ వానిది, అన్నడు. లేకుంటె నేనూ రానన్నడు. ఐతారం ఇద్దరూ వచ్చి మాట్లాడతమని రాసిండు. ఇగ ఆయన పని ఇడిసినంక నిన్నొక్కన్ని ఎట్ల తోల్త? ఏడు సీజన్ల పిల్లగానివి. ఆడ పాన్ పొంగి మీదికొస్తె ఎవని దిక్కు సూస్తవు బేటా?"

గదిలో ఒక పంకా, ఒక కూజా, గోడకు గుర్రాల బొమ్మ ఉన్న క్యాలెండరు. అవన్నీ నాకు ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే ఆయన ముఖం తప్ప అన్నీ చూశాను. ఒక్క మాట చాలు. గాజు ఇవ్వలేదు సాబ్, నేనే తీసుకొచ్చాను. అంటే రెండు పేర్లూ తిరిగి లేస్తాయి. కాని ఉస్తాద్ జేబులోంచి గాజు తీసినవాణ్ణి ఆ చెరకు ప్రాంతంలో ఏ పాన్ దగ్గరికీ రానివ్వరు. పోలీసు సంగతి తర్వాత, మామ ముఖం సంగతి తర్వాత. రేపటి నుంచి నేను ఏమీ కాను. నోరు తెరిచాను.

ఆయనకు ఏదో అనుమానం వచ్చినట్టుంది. "ఏమన్న చెప్పేదున్నదా?"

"ఏం లేదు, సాబ్."

గాజును తన రుమాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "జాగ్రత్త. ఇప్పుడు ఇది నీది."

పన్నెండున్నర బస్సుకు బయల్దేరాను. దారిలో ఏ ఊరు వచ్చిందో, ఎన్ని బండ్లు అడ్డమొచ్చాయో చెప్పలేను. మూడు గంటలకు మామ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆయన మంచంలో నిద్రపోతున్నాడు. చొక్కా మేకుకే ఉంది. గుడ్డను మొదట ఏ మడత ఎటు మడిచి ఉందో గుర్తులేదు. తోచినట్టు మడిచి జేబులో వేశాను. మామ పక్కకు తిరిగి కళ్లు తెరవకుండానే, "ఎవరూ?" అన్నాడు. "నేనే మామా, నీళ్లకొచ్చిన" అన్నాను. ఆ రెండు మాటలు పలకడానికి నాకు ఆ రోజు మిగతా మొత్తానికి పట్టినంత ధైర్యం పట్టింది.

ఆదివారం పొద్దున్నే మామ ఇస్త్రీ చొక్కాతో మా గుమ్మంలోకి వచ్చాడు. "అల్లుడా, తయారైనవా? బస్సు టైమైతున్నది."

"దేనికి మామా?"

ఆయన మా అవ్వ వైపు తిరిగాడు. "చెల్లె, వానికి చెప్పలేదా? సోమవారమే చెప్తిని గద. వానికి కొత్తంగి కుట్టియ్యి, ఐతారం కరీం దగ్గరికి పోతం అని."

అవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు. "యాది మరిచిన" అంది.

ఇద్దరం పోయాం. కండక్టర్ చెప్పినట్టే తువ్వాల వేసి పెట్టాడు. గురువారం నన్ను పైకి పంపిన లాడ్జి గుమాస్తా నన్ను ఒకసారి, మామను ఒకసారి చూసి, "సాబ్ నిన్ననే ఖాళీ చేసి పోయిండు. ఆయనకు కావల్సినోళ్లు వేరే దిక్కు దొరికిన్రట" అన్నాడు. గురువారం నేను వచ్చిన సంగతి మాత్రం ఎత్తలేదు. మామ మెట్లు దిగుతూ, "మనకు రాసిపెట్టి లేదురా" అన్నాడు. తిరుగు బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆయనకు తెలుసో తెలియదో నాకు ఎన్నడూ తేలలేదు. నాలుగేళ్ల తర్వాత పని మానిన రోజున మాత్రం గాజును రాజమల్లు చేతిలో పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయనకు జవాబు తెలిసి ఉంటుందని భయం.

నేను బోధన్ విడవలేదు. రిటైరయ్యేదాకా అదే పాన్ దగ్గర నిలబడ్డాను. దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. బొంబాయి నుంచి మొంబాసా దాకా ఏ రేవు తర్వాత ఏ రేవు వస్తుందో, ఏ నెలలో గాలి ఎటు వీస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. చూడనివాడికి తెలిసినంత, చూసొచ్చిన రాజమల్లుకు తెలియదు. అతనికి వాంతులే గుర్తు. భయపడ్డవాడి చేతికి ఏ ఉద్యోగమూ లోకాన్ని ఇవ్వదని ఇప్పుడు తెలుస్తోంది. తెలిసి ఏం లాభం, ఎనభై దాటాక. మీరు పోయేటప్పుడు ఒక్క పని చేయండి. మీ పేరు ఎవరైనా ఎక్కడికైనా పంపుతున్నారని వినగానే ఆ మనిషి దగ్గరికే నేరుగా పోయి, కాగితం చూపించమని అడిగి, అందులో మీ పేరుందో లేదో మీ కళ్లతో చదువుకోండి. ఇంట్లోవాళ్ల ద్వారా కబురు అందుతుందని కూర్చోకండి.

మా అవ్వ ఏదీ మరిచే మనిషి కాదు. సంఘంలో ఏ బిడ్డకు ఏ ఆదివారం బాప్తిస్మం ఇచ్చారో ముప్పై ఏళ్ల తర్వాత కూడా వరసగా చెప్పేది. నేను సముద్రం దాటితే తిరిగి రానని ఆమె భయం. ఆ భయంతో సోమవారం విన్న మాటను ఆదివారం దాకా నోట్లోనే పెట్టుకుంది, రొట్టె మూట ఇస్తూ నా ముఖంలోకి చూసినప్పుడూ మింగింది. దొంగతనం నాది, అబద్ధం నాది, ఆ రెండింటినీ మోస్తున్నాను. మూడోది, ఆ దాచిన మాట, నేను మోయను. ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటినా నేను ఇప్పటికీ తప్పు పట్టేది మా అవ్వ సుందరమ్మను.